ముడి లేని గీత

పొందూరు సాలీల వీధిలో సన్యాసమ్మ నూలుకు వంక పెట్టినవాడు లేడు. సంఘం గుమాస్తా ప్రతి గురువారమూ ఆమె నూలు చుట్టి కట్టిన చిలపను వెలుతురుకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, వేళ్ళ మధ్య జార్చి చూసి, ముడి దొరక్క ఓడిపోయి, "ఏటమ్మా, ఇంట్లో రాట్నం తిప్పుతున్నావా, సాలీడుని మేపుతున్నావా?" అనేవాడు. సన్యాసమ్మ వినిపించుకోనట్టే మొహం పెట్టేది. ఇంటికొచ్చాక మాత్రం ఎదురు గుమ్మంలో ఉండే ఆడబిడ్డ దాలమ్మకు ఒక్క అక్షరం పోకుండా ఒప్పజెప్పేది.

"సాలీడైతే నయమే. తిన్న తిండికి గుడ్లైనా పెడతాది," అనేది దాలమ్మ.

ముడి లేని నూలంటే ముడి పడని నూలు కాదు. ఎంత చెయ్యి తిరిగినదానికైనా ఎక్కడో ఒకచోట ఏకు బిగుసుకుంటుంది, పోగు బొడ్డు కడుతుంది. కట్టిన చోట తుంచేసి, రెండు కొసలూ వేలి తడితో కలిపి, ఏమీ జరగనట్టు రాట్నం తిప్పాలి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నుంచీ సన్యాసమ్మకు వచ్చిన విద్య అదే. చెడ్డది తీసెయ్యాలి, మంచిది చూపించాలి. పన్నెండో ఏట నేర్చుకుంది. అరవై ఎనిమిదో ఏటికి అది చేతిలోంచి ఒంట్లోకి దిగిపోయింది.

నేల మీద కూచుని అన్నేళ్ళు వడికితే నడుం ఏమవుతుందో ఆ వీధికి తెలుసు. వెనకటి రోజుల్లో అరవై దాటిన ఆడది అక్కడ నిలువుగా నడిచేది కాదు. ఎముకలు లోపల్లోపల గుల్లబారి, తుమ్మితే పక్కటెముక, జారితే తుంటి విరిగేవి. విశాఖపట్నం నుంచి ప్రయోగశాలవాళ్ళు పదేళ్ళ కిందట వచ్చి, నలభై మంది ఆడవాళ్ళకు ఆర్నెల్లకోసారి కొత్త సూది ఒకటి వెయ్యడం మొదలుపెట్టాక ఆ రోజులు పోయాయి. వీధివాళ్ళు దానికి గట్టి సూది అని పేరు పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి గుమ్మాల పక్కన కర్రలు కనబడడం మానేశాయి. డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు కుళాయి దగ్గర బిందెలెత్తుకుని, ఎత్తుకున్నంతసేపూ దెబ్బలాడుకునే ఓపిక తెచ్చుకున్నారు.

సూది వేయించుకోవడం సులువే. చిక్కంతా మానడంలో ఉంది. ఆ సంగతి వీధికి దాలమ్మ నడుం ద్వారా తెలిసింది.

అయిదేళ్ళ కిందట అందరికంటే ముందు సూది మానినది దాలమ్మ. మానాక కొన్ని నెలలకు, ప్రయోగశాలవాళ్ళు సరిగ్గా చెప్పిన రోజున, రెండో మందు ఎక్కించుకోవాలి. ఆ రోజు కనిపెట్టడానికి ఆమెకో చిన్న పెట్టె ఇచ్చి, రోజూ ఒక చుక్క నెత్తురు అందులో వెయ్యమన్నారు. ఆ నెలల్లోనే ఆమె కూతురి పురుడుకని పలాస వెళ్ళింది. అక్కడ పసిదాని స్నానానికి నీళ్ళ బకెట్టు ఎత్తబోయి, కట్టె విరిగినట్టు చప్పుడైతే ఎవరిదో అనుకుంది. వెన్నుపూసలు మూడు. అప్పటి నుంచీ ఆమె సగానికి వంగి, నేలను చూసుకుంటూ నడుస్తుంది. రాట్నం అటకెక్కింది. చుక్కలు సరిగా వేసి ఉండరని ప్రయోగశాల కాగితం రాసింది. కూతురి సంబరంలో పడి గుచ్చుకోవడం మానేసిందని వీధి తీర్పు చెప్పింది.

"ఒక్కరోజు మాన్లేదు. నా పిల్ల మీదొట్టు," అని దాలమ్మ ఏడాదిపాటు అందరికీ చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది. సన్యాసమ్మ పైకి ఏమీ అనేది కాదు కానీ, లోపల ఆమెకూ సగం అనుమానమే.

ఇప్పుడు మానే వంతు సన్యాసమ్మకు వచ్చింది.

విశాఖపట్నంలో ప్రయోగశాల నడిపే డాక్టర్ ఇందుమతి ఆమెను ఎత్తుబల్ల ముందు కూచోబెట్టి, సూక్ష్మదర్శిని గాజుకన్నులోకి చూడమంది. తెల్లటి ఎముక పలక మీద అట్లపిండి ముద్దలాంటిదేదో మెల్లగా పాకుతోంది. అది దాటిన మేర గొయ్యి పడుతోంది.

"ఏటిది డాట్రమ్మా, పురుగా?"

"పురుగు కాదమ్మా. మీలోనూ ఉంది, నాలోనూ ఉంది. పాత ఎముకను కూల్చే కూలీ అనుకోండి. దీని వెనకాలే కట్టే మేస్త్రీ వస్తాడు."

"మా గోడ మేస్త్రీ మూడు నెల్లకొచ్చినాడు."

"వయసు మళ్ళాక ఒంట్లో మేస్త్రీ కూడా అంతే," అని నవ్వింది ఇందుమతి. "గట్టి సూది ఈ కూలీలను నిద్రపుచ్చింది. అందుకే మీ ఎముక నిలిచింది. కానీ పదేళ్ళుగా మరమ్మతు లేని ఎముక పెళుసెక్కుతుంది, కాబట్టి ఆపాలి. ఆపితే అందరూ ఒక్కసారి లేస్తారు."

"పదేళ్ళు పడుకున్నోడు ఆకలిమీద లేత్తాడు."

"అదే భయం. అందుకే రెండో మందు. అది ఎముకకు పూత లాంటిది."

"మరిప్పుడే పూసీ, పనైపోద్ది."

"నిద్రలో ఉండగా పూస్తే పట్టదమ్మా. కూలీ చెయ్యి వేసిన చోటే పూత పట్టుకుంటుంది. అలాగని కూల్చేదాకా ఆగితే పూయడానికి గోడుండదు. లేచి ఒళ్ళు విరుచుకుంటున్నప్పుడే పూయాలి. ఒక నెల అటూ ఇటూ, అంతే."

ఆ నెల ఎప్పుడొస్తుందో చెప్పేదే పెట్టె. తమలపాకుల పెట్టెంత ఉంటుంది. ఎముక కూలుతుంటే ఆ పొడి నెత్తుట్లో కలుస్తుంది. పట్టీ మీద చుక్క వేసి లోపలికి తోస్తే, అది ఎంతుందో నిమిషంలో అంకె చూపిస్తుంది. ముందు రోజుల అంకెలన్నీ కలిపి గీత గీస్తుంది. వంద దగ్గరుంటే కూలీలు పడుకున్నట్టు, మూడొందలు దాటితే లేచినట్టు, ఎనిమిదొందలైతే నడుం మీద ఆశ వదులుకున్నట్టు. ఆకుపచ్చ మీట నొక్కితే అంకె ప్రయోగశాలకు పోతుంది. చుక్క చిందిందనో, చాల్లేదనో అనిపిస్తే ఎర్ర మీట నొక్కి మళ్ళీ గుచ్చుకోవచ్చు.

"పొద్దున్న లేవగానే, ఏమీ పుచ్చుకోకముందు, ఒక్క చుక్క," అని ఇందుమతి మూడుసార్లు చెప్పింది.

సన్యాసమ్మ దానికి మేలుకొలుపు పెట్టె అని పేరు పెట్టి, రాట్నం పక్కన పీట మీద పెట్టుకుంది. అంకెలు ఆమెకు కొత్తేమీ కాదు. నూలు నంబర్లతో పెరిగిన మనిషి. తెల్లవారి కోడి కూయగానే గుచ్చుకునేది. వంద. తొంభై ఎనిమిది. నూట రెండు. పెట్టె తెర మీద గీత ఎంత నున్నగా సాగుతోందంటే, దాన్ని చూసి ఆమెకు తను వడికినట్టే గర్వం కలిగేది. దాలమ్మను పిలిచి చూపించేది.

"బాగుందే సన్నాసీ. సంఘానికట్టుకెల్లు, గుమాస్తా మురిసిపోతాడు," అనేది దాలమ్మ. ఆ పెట్టె వంక మాత్రం ఎక్కువసేపు చూసేది కాదు.

ఆషాఢం వచ్చిన మూడో నాడు పెట్టె నూట తొంభై చూపించింది. గీత కొస పైకి లేచి, పోగు మీద బొడ్డులా నిలబడింది.

సన్యాసమ్మ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేదేమో. బొడ్డు కట్టిన పోగు కనబడితే ఆమె చెయ్యి ఏం చేస్తుందో అదే చేసింది. ఎర్ర మీట నొక్కి తుంచేసింది. మళ్ళీ గుచ్చుకోబోతే కాస్త కళ్ళు తిరిగినట్టనిపించి, కుండలోని పులిసిన గంజి, తరవాణి, గ్లాసుడు వంచుకుని తాగి, కాసేపు కూచుని, అప్పుడు గుచ్చుకుంది. నూట పది. గీత మళ్ళీ నున్నబడింది. ఆకుపచ్చ మీట నొక్కి రాట్నం ముందుకు జరిగింది.

మర్నాడూ మొదటి చుక్క చెడ్డదే. తరవాణి తాగాక వేసింది మంచిదే. నాలుగు రోజులకు ఆమెకు కిటుకు పట్టుబడింది. మొదటి చుక్క ఎప్పుడూ తుప్పు నీళ్ళు, కుళాయిలో పొద్దున్నే వచ్చే మొదటి నీళ్ళలాగా. రెండో చుక్కే అసలు నెత్తురు. ఇందులో మోసం చేస్తున్నానన్న ఊహ కూడా ఆమెకు రాలేదు. మంచి వడుకరి సంఘానికి ఏ చిలప ఇస్తుందో, ఆమె ప్రయోగశాలకు అదే ఇస్తోంది.

అలా ఇరవై ఆరు రోజులు.

ఇరవై ఏడో నాటి పొద్దెక్కాక ఇందుమతి ఫోను చేసింది. అప్పుడు సన్యాసమ్మ పత్తి బస్తాను వసారాలోంచి లోపలికి ఈడ్చబోతోంది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"బస్తా లాగుతన్నాను. ఏటి, ఆయాసం ఇనిపిత్తందా?"

"వదిలెయ్యండి!" ఇందుమతి గొంతు అంత పైకి లేవగా ఆమె ఎప్పుడూ వినలేదు. "వదిలేసి గోడకానుకుని కూచోండి. వంగొద్దు. బిందె కాదు, చెంబు కూడా ఎత్తొద్దు. నేను బయల్దేరుతున్నాను."

"ఏటైందమ్మా? నా గీత బాగానే ఉంది కదా?"

"అదేనమ్మా నా భయం. సూది దిగి తొమ్మిది నెలలు దాటింది. మీతోపాటు మానినవాళ్ళందరికీ కొంతైనా ఎగుడుదిగుళ్ళున్నాయి. ఏ మనిషి ఒళ్ళూ ఇంత నున్నగా ఉండదు."

సన్యాసమ్మ గోడకానుకుని కూచుంది. ఊపిరి పీలిస్తే వీపులో ఏదో కదులుతున్నట్టే ఉంది. గోడమీద ఈగను తోలడానికి కూడా చెయ్యెత్తలేదు. కబురు తెలిసి దాలమ్మ నేలను చూసుకుంటూ వీధి దాటి వచ్చి, ఆమె ఎదురుగా చతికిలబడింది.

"ఏటి సేసినావే?"

"నానేటి సేసినానొదినా? ముడి పడితే తీసినాను."

"ఎందులో?"

సన్యాసమ్మ పెట్టె వైపు చూపించింది.

"ఓసి సన్నాసీ," అంది దాలమ్మ. "మనిద్దరం ఇలగొంగిపోతే, ఈదిలో ఎదురొచ్చినోడి మొకం సూసి సెప్పీదెవరే?"

నవ్వొచ్చింది కానీ, నవ్వితే ఎక్కడ ఏం విరుగుతుందోనని సన్యాసమ్మ పెదవులు బిగబట్టుకుంది.

మధ్యాహ్నం దిగుతుండగా ఇందుమతి వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది. సన్యాసమ్మ దాచుకోలేదు. మొదటి చుక్క, ఎర్ర మీట, తరవాణి, రెండో చుక్క, అన్నీ వరసగా చెప్పింది. ఇందుమతి కుర్చీలో కాకుండా నేల మీదే కూలబడింది.

"కడుపులో తిండి పడగానే కూలీలు కాసేపు చెయ్యి ఆపుతారమ్మా. అంకె దిగుతుంది. అందుకే ఏమీ పుచ్చుకోకముందు అన్నాను. మీరు తీసేసిన మొదటి చుక్కలే నిజం. ఆ పట్టీలు పారేసి ఉంటారు."

"పారేత్తామేటి?" అంది సన్యాసమ్మ, ఎవరో తనను దుబారా మనిషి అన్నట్టు. "తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చిలప కట్టినకాడ నూలు కోసుకుపోకుండా అడ్డమెడతన్నాను. మిగిలినియ్యి ఆ చెత్త పత్తి బుట్టలో ఉన్నాయి, సూడు."

ఇందుమతి బుట్టను నేల మీద బోర్లించింది. ప్రతి పట్టీ మీదా పెట్టె గుద్దిన తేదీ ఉంది. కూలే ఎముక పెరిగేకొద్దీ పట్టీ నీలం ముదురుతుంది, ఆ రంగు ఇంకిపోదు. పద్దెనిమిది దొరికాయి. చాప మీద వరసగా పేర్చింది. లేత నీలం, నీలం, ముదురు నీలం, చివరికి నల్లద్రాక్ష రంగు.

"ఎంత?" అడిగింది దాలమ్మ.

"నాలుగొందల ముప్ఫై దాకా ఉండొచ్చు," అంది ఇందుమతి. ఇంకోసారి లెక్కచూసి, అప్పుడు ఊపిరి వదిలింది. "లేచారు. ఇంకా పెద్దగా కూల్చలేదు. రేపు పొద్దున్న మంచినీళ్ళు మాత్రం తాగి ఒక్క చుక్క వేద్దాం. అదే చెప్తే రేపే పూత. ఇంకో నెల ఈ గీత ఇలాగే నున్నగా సాగి ఉంటే..."

మర్నాటి చుక్క నాలుగొందల నలభై చెప్పింది. శ్రీకాకుళం నుంచి మందు ఎగిరే పెట్టెలో వచ్చి ఆరోగ్య కేంద్రం డాబా మీద దిగింది. సన్యాసమ్మ చేతికి సూది గుచ్చి, మందు చుక్కచుక్కగా దిగడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా దాలమ్మ మంచం పక్కనే కూచుంది.

ఇందుమతి మాత్రం కిటికీ దగ్గర లెక్కలు చూపే తన పలక ముందేసుకుని ఏదో వెతుకుతోంది. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మందు సీసా ఖాళీ అయ్యాక కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. బండి సిద్ధంగా ఉందని నర్సు వచ్చి చెప్పింది. ఆమె లేచి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, దాలమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. నిలబడితే దాలమ్మకు తన మొహం కనబడదని గుర్తొచ్చి, గచ్చు మీద గొంతుక్కూచుంది.

"దాలమ్మగారూ, సన్యాసమ్మగారు ముడి తీసేశానంటే నాకు నిన్నటి నుంచీ మనసు మనసులో లేదు. మేమూ తీసేశాం."

"ఏటి తీసీసినారు?"

"మొదటి పెట్టెల్లో ఎర్ర మీట ఉండేది కాదు. ముందు రోజు కంటే బాగా ఎక్కువ అంకె వస్తే, చుక్క చెడిందనుకుని ప్రయోగశాల యంత్రమే దాన్ని కొట్టేసేలా పెట్టాం. ఆ నియమం రాసింది నేనే. గీత శుభ్రంగా కనబడాలని రాశాను. పాత లెక్కలు రాత్రి తీసి చూశాను." ఆమె పలకను దాలమ్మ కళ్ళ కిందుగా పెట్టింది. "ఇవి మీరు పలాసలో వేసినవి. నాలుగొందల ఇరవై. ఆరొందల పది. ఎనిమిదొందల ఎనభై. రోజూ వేశారు, ఒక్కటీ మానలేదు. అన్నిటి మీదా మా కొట్టివేత గీతే ఉంది చూడండి."

సన్యాసమ్మ మంచం మీదే లేచి కూచుంది. అయిదేళ్ళుగా తనలో దాచుకున్న సగం అనుమానం మొహం మీద కనబడుతోందేమోనని ఆమె భయం. పడుకున్నా, కూచున్నా దాచుకునే చోటు లేదు.

దాలమ్మ ఆ అంకెలను వేలితో తడిమింది, నూలు తడిమినట్టు.

"అయితే నాను గుచ్చుకున్నాను."

"గుచ్చుకున్నారమ్మా."

"నీకు తెలిసింది రేతిరి. సెప్పకుండా బండెక్కీసుంటే ఎవులికీ తెలీదు."

"తెలీదు."

"ఎందుకు సెప్పినావు మరి?"

ఇందుమతి కళ్ళు తుడుచుకుంది.

"ఏడకు," అంది దాలమ్మ. "నడుం ఎలాగూ నిలబడదు. ఇయ్యాల గురువారం. ఆడోల్లందరూ చిలపలట్టుకుని సంఘం కాడికొత్తారు. అక్కడికొచ్చి ఈ మాట గట్టిగా సెప్పు. నాకు సెప్పినట్టు మెల్లగా కాదు."

ఇందుమతి వెళ్ళింది. సంఘం వసారాలో ముప్ఫై మంది ఆడవాళ్ళ ముందు నిలబడి, తను రాసిన నియమం గురించి, పలాసలో వేసిన చుక్కల గురించి, విరిగిన మూడు పూసల గురించి చెప్పింది. గుమాస్తా తూకం ఆపేశాడు. అప్పుడు వీధి చివరింటి పోలమ్మ, అందరికంటే ఎక్కువగా దాలమ్మ మీద మాటలు మోసిన పోలమ్మ, ముందుకొచ్చి, "ఒదినా, నా నోటిని తగలెయ్య," అంది.

"తగలెడితే మరి రేపు కుళాయికాడ ఏటితో దెబ్బలాడతావే?" అంది దాలమ్మ.

వసారా అంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో సన్యాసమ్మ ఆడబిడ్డ పక్కకు చేరి, ఆమె చెయ్యి పట్టుకుని, "ఒదినా, నానూ..." అని మొదలుపెట్టింది.

"తెలుసు," అంది దాలమ్మ. "నీ మొకం సూడకపోయినా నీ కాళ్ళు సూత్తన్నాను కదే అయిదేళ్ళుగా. నా గుమ్మం కాడికొచ్చీసరికి కూసింత తడబడతాయి. ఇయ్యాల తిన్నగా వచ్చినాయి."

యంత్రంలో ఇంకా మిగిలి ఉన్న ఆ నియమాన్ని ఇందుమతి కొట్టేయించింది. మీకేం చెయ్యమంటారని దాలమ్మను అడిగింది. మందులూ, కుర్చీలూ, పెద్ద ఆసుపత్రీ అన్నీ చెప్పుకొచ్చింది. దాలమ్మ అన్నీ విని, కుర్చీ ఒక్కటీ ఒప్పుకుంది.

"ఆ కుర్చీలో కూకుని ఏటి సెయ్యను? అది సెప్పు," అంది. "ఇంకా ముప్పైయెనిమిది మందికి పూత పడాల. ఆల్లందరూ సన్నాసిలాగ ముడి తీసీసీవోల్లే. మీరూ అంతే. ముడి కోసం సూసీ మనిషి ఒకర్తుండాల. ఆ పట్టీలు రోజూ నా సేటలో ఎయ్యమను."

అప్పటి నుంచి తెల్లవారగానే సాలీల వీధి ఆడవాళ్ళు చుక్క వేసిన పట్టీలు తెచ్చి దాలమ్మ చేటలో వేసి పోతున్నారు. ఆమె కుర్చీలో వంగి కూచుని, ఎలాగూ కిందికే చూసే కళ్ళతో, వరసలు పేర్చి నీలాలు పోల్చుకుంటుంది. ప్రయోగశాల యంత్రం కంటే రెండు రోజులు ముందే ఆమె రంగు పట్టేస్తోందని ఇందుమతి చెప్పింది. చెయ్యి పోయినా కన్ను పోలేదు. కార్తీకం నాటికి నలుగురికి సరైన వారంలో పూత పడింది. సన్యాసమ్మ అంకె మెల్లగా దిగి, నూట అరవై, నూట తొంభై, నూట డెబ్బై అంటూ తన ఇష్టమొచ్చినట్టు ఎగుడుదిగుడుగా ఆడుతోంది. ఆమె ఉన్నదున్నట్టు పంపుతోంది. ఎర్ర మీట మీద దాలమ్మ ఎప్పుడో పిండి బంక అంటించేసింది.

ఆ పొద్దున్న సన్యాసమ్మ నడుం నిటారుగా పెట్టి కూచుని ఏకు అందుకుంటోంది. ఎదురు గుమ్మంలోంచి గొంతు వినబడింది.

"ఓలే పోలమ్మా! ఇటురా. ఈ పట్టీ ఎయ్యకముందు ఏటి తిన్నావే?"

"ఏటీ తినలేదొదినా, నీ మీదొట్టు."

"నా మీదొట్టెయ్యకు, నానిప్పటికే ఇరిగున్నాను. నిన్న ఇంత నీలం, ఇయ్యాల పాల తెలుపు. సెప్పు."

పోలమ్మ గొంతు సన్నబడింది.

"ఒక్క బూరి. చిన్నది. మనవరాలు నోట్లో పెట్టీసింది."

"బూరి చిన్నదే. నీ నడుం ఎంతది? ఎల్లు, రేపు ఆ పిల్లని నా కాడ పడుకోబెట్టి గుచ్చుకో."

సన్యాసమ్మ నవ్వుకుంటూ రాట్నం తిప్పింది.